కంటి లోపలి పుట్టుమచ్చ

కళాశాల వార్షిక సంచికకు ఏటా ఒక సాహిత్య వ్యాసం వ్రాసి ఇవ్వడం నాకు అలవాటు. ఈసారి సంపాదకవర్గంలోని విద్యార్థులు వచ్చి అడిగేనాటికి, ప్రబంధ వర్ణనలను గురించి మొదలుపెట్టి సగంలో ఆపివేసిన వ్యాసమొకటి నా బల్ల సొరుగులో ఉన్నది. దానిని అక్కడనే ఉంచి, నేను ఏ తరగతిలోనూ చదువుకొనని విషయాన్ని గురించి వ్రాయడానికి పూనుకున్నాను. తెలుగు పాఠం చెప్పేవాడికి నేత్రవైద్యంతో ఏమి పని అని జంతుశాస్త్ర శాఖలోని మిత్రులు నవ్వవచ్చును. పని పడింది కనుకనే వ్రాస్తున్నాను. ఆ మిత్రులలో ఒకరు అచ్చుకు ముందే ఈ వ్యాసం చదివి రెండు చోట్ల నన్ను దిద్దారు. ఆ రెండు చోట్లు ఏవో మాత్రం చెప్పను.

మా నాన్నగారు కాతిబు, అనగా ఉర్దూ లేఖకులు. కంప్యూటర్లు రాకముందు ఉర్దూ పత్రికలను సీసపు అక్షరాలు పేర్చి కాక, పేజీలన్నీ చేతితో వ్రాయించి అచ్చువేసేవారు. 1990 తరువాత ఆ పని క్రమంగా కంప్యూటరు పాలైంది. అప్పటినుండి నాన్నగారు శుభలేఖలు, దుకాణాల పలకలు, సమాధి ఫలకాలు వ్రాస్తూ సంసారం ఈదారు, నన్ను ఎం.ఏ. వరకు చదివించారు. నస్తాలీఖు లిపిలో ప్రతి అక్షరానికీ ఒక కొలత ఉన్నది. కలం మొనతో పెట్టిన చుక్కయే ఆ కొలతకు ప్రమాణం. అలిఫు నిలువు మూడు చుక్కలు. అటువంటి లెక్కలతో బ్రతికినవారికి గీత తిన్నగా ఉన్నదా లేదా అన్నది అభిప్రాయ విషయం కాదు.

రెండేండ్ల క్రితం ఒకనాటి సాయంకాలం ఆయన ఒక శుభలేఖకు గీతలు గీసుకుంటూ ఆగి, "ఈ స్కేలు వంగిపోయింది బేటా, కొత్తది తెచ్చిపెట్టు" అన్నారు. అది స్టీలు స్కేలు. నేను తిప్పి చూశాను; వంపేమీ కనబడలేదు. అయినా పెద్దవారి మాట అని కొత్తది తెచ్చాను. దానిని కాగితం మీద ఉంచి గీత గీసి, చాలాసేపు చూసి, "ఇదీ వంగినదే" అని పక్కన పెట్టారు. ఆ మాటను మేము ముసలితనపు చాదస్తం అనుకున్నాము. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ అనుకోవడమే.

తరువాత నాలుగు నెలలు గడిచాయి. కళ్లజోళ్ల దుకాణంలో నంబరు మార్పించాము, ఒకసారి కాదు, రెండుసార్లు. పొరుగువారు, "శుక్లం మొదలై ఉంటుంది, ముదరనివ్వండి, తీయిద్దాం" అన్నారు. మా అమ్మ నజరు తగిలిందని ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. నాన్నగారు మాత్రం ఎవరికీ చెప్పకుండా పెళ్లి కార్డుల పని తగ్గించుకున్నారు. చేయి పోయిందని ఆయన అనుకున్నారట. నలభై ఏండ్లుగా వణకని చేయి!

కన్ను పోతున్నదని తెలిసింది యాదృచ్ఛికంగా. చెమట తుడుచుకుంటూ ఎడమ కన్ను మూసిన క్షణంలో గీత తిన్నగా కనిపించింది. కుడి కన్ను మూయగానే అదే గీత నడుమ పాము కదిలినట్లు వంగింది. మంచి కన్ను ఇన్నాళ్లూ చెడ్డ కంటి తప్పును కప్పిపుచ్చుతూ వచ్చింది. రెండు కళ్లు తెరచి ఉన్నంతకాలం మెదడు మంచి కంటి సాక్ష్యాన్నే ఎక్కువగా స్వీకరిస్తుంది. అందువలన ఒక కన్ను ఎంతో చెడిపోయినా మనిషికి తెలియక పోవడం సర్వసాధారణం.

శుక్లానికీ దీనికీ భేదం ఇక్కడనే ఉన్నది. శుక్లం కంటి కటకం మసకబారడం. దానివలన చూపు పొగమంచులో చూసినట్లు మందగిస్తుంది, దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. కానీ తిన్నని గీత వంకరగా కనబడదు. గీత వంగినదంటే జబ్బు కటకంలో లేదు, వెనుకనున్న పొరలో ఉన్నది. ఈ ఒక్క వాక్యం ఆ నాలుగు నెలల ముందు నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ఇక ఆ పొరల సంగతి. కంటిగోళానికి మూడు పొరలున్నవని పాఠశాలలో మీరు చదివే ఉంటారు: వెలుపల తెల్లని దృఢస్తరం, నడుమ రక్తపటలం, లోపల నేత్రపటలం. నేత్రపటలమే రెటీనా, వెలుగు పడి బొమ్మ ఏర్పడే తెర. ఈ పేర్ల వెనుక ఒక చరిత్ర ఉన్నది, అది మన ఉర్దూ విభాగం విద్యార్థులకు ప్రీతి కలిగిస్తుంది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ అనే క్రైస్తవ పండితుడు గ్రీకు వైద్యగ్రంథాలను సిరియాకు, అరబ్బీ భాషలలోనికి అనువదించి, కంటిని గురించి స్వయంగా పది ప్రకరణాలు వ్రాశాడు. లోపలి పొర వలవలె ఉన్నదని అరబ్బీ వైద్యులు దానిని 'శబకియ్య' అన్నారు. వలకు అరబ్బీలో శబక అని పేరు. ఆ గ్రంథాలు పిదప లాటిను భాషలోనికి పోయినప్పుడు అనువాదకులు వల అనే అర్థం గల తమ పదంతో 'రెటీనా' అని పేరు పెట్టారు. నడిమి పొరను గ్రీకులు గర్భస్థ శిశువును చుట్టి ఉండే మావితో పోల్చి 'కొరాయిడ్' అన్నారు. అరబ్బీలో అదే పోలికతో 'మషీమియ్య' అయినది. యూనానీ వైద్యులు నేటికీ వాడే 'తబఖె శబకియా', 'తబఖె మషీమియా' అనే మాటలు ఇవే. మన తెలుగు పాఠ్యపుస్తకాల 'రక్తపటలం' అన్న పేరు పోలికను విడిచి పనిని చెప్పింది. నాకు ఈ పేరే బాగున్నట్లు తోస్తుంది, ఎందుకంటే ఆ పొర నిండా రక్తమే.

శరీరంలో బరువునుబట్టి లెక్కిస్తే అత్యధికంగా రక్తం ప్రవహించే చోట్లలో రక్తపటలం ఒకటి. నేత్రపటలంలో వెలుగును పట్టుకొనే కణాలకు ఎడతెగని ఆకలి. పటలం నట్టనడుమ పసుపుపచ్చని చుక్క ఒకటి ఉన్నది. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, మనిషి ముఖం గుర్తుపట్టడం అన్నీ ఆ చుక్కతోనే. ఆ చుక్క నడిబొడ్డులో రక్తనాళాలు ఉండవు; ఉంటే వెలుగుకు అడ్డం వచ్చేవి. కనుక దానికి అన్నం పెట్టేది క్రిందనున్న రక్తపటలమే. ఇద్దరి నడుమ రెండు గోడలున్నవి. ఒకటి వర్ణకణాలు ఒకే వరుసలో పేర్చిన పలుచని స్తరం. అది పోషణను పైకి పంపి, చెత్తను క్రిందికి దింపుతుంది. రెండవది దానిక్రింద జర్మను శరీరశాస్త్రజ్ఞుడు కార్ల్ బ్రుక్ పేరు మీదుగా పిలువబడే బ్రుక్ పొర. ఇది మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతుల మందమే. అయినా రక్తపటలంలోని నాళాలు పైకి ప్రాకకుండా ఇది కంచెవలె కాపాడుతుంది.

రక్తపటలంలో రక్తనాళాలతోబాటు మెలనిన్ అనే నల్లని రంగును తయారుచేసే కణాలు ఉంటాయి. చర్మంలో ఇటువంటి కణాలు ఒకచోట గుమిగూడితే పుట్టుమచ్చ ఏర్పడుతుంది గదా. రక్తపటలంలో గుమిగూడితే కంటి లోపలి పుట్టుమచ్చ ఏర్పడుతుంది. వైద్యులు దానిని నీవస్ అంటారు. లాటినులో పుట్టుమచ్చ అనియే అర్థం. కంటి తెల్లగుడ్డు మీద కనబడే గోధుమరంగు మచ్చలు వేరు, కంటిలో పువ్వు వేయడం మరీ వేరు. ఇది అద్దంలో కనబడదు. కంటిపాపను చుక్కల మందుతో పెద్దది చేసి, లోపలికి వెలుగు పంపి చూస్తేనే కనబడుతుంది. చెక్కిలి మీది పుట్టుమచ్చను వర్ణించి ఫారసీ, ఉర్దూ కవులు దీవానులు నింపారు. మనవారు పుట్టుమచ్చలకు శాస్త్రమే కల్పించారు. ఉర్దూలో 'ఆంఖ్ కా తిల్' అంటే కంటిపాప. ఆ తిల్ వెనుక చీకటిలో మరొక తిల్ దాగి ఉండగలదని కవులెవరూ ఊహించినట్లు లేదు.

అటువంటి మచ్చను మొదటిసారి చూడగలగడానికి ప్రపంచం 1850 దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఆ ఏడు జర్మనీలో హెర్మన్ హెల్మ్‌హోల్ట్‌జ్ అనే యువ ఆచార్యుడు బ్రతికి ఉన్న మనిషి కంటి అడుగును చూడగల పరికరాన్ని నిర్మించి, మరుసటి ఏడు ప్రకటించాడు. విద్యార్థులకు కంటి వెలుగు సిద్ధాంతాన్ని బోధించడానికి సిద్ధమవుతుండగా ఆయనకు ఆ ఊహ వచ్చిందంటారు. పాఠం చెప్పడంవలన చెప్పేవాడికి కలిగే లాభానికి ఇంతకన్నా ఉదాహరణ ఏమి కావాలి?

ఈ మచ్చలు అరుదైనవి కావు. ఆస్ట్రేలియాలో నలభై తొమ్మిదేండ్లు దాటిన వారిని పరీక్షించగా నూటికి ఆరుగురికి పైగా ఇవి కనిపించాయి. అమెరికాలో శ్వేతజాతీయులలో ఎక్కువ, నల్లవారిలో నూటికి ఒకరికన్న తక్కువ. చాలమంది ఇటువంటి మచ్చతో జీవితమంతా గడిపి, అది ఉన్నదని తెలియకుండానే వెళ్లిపోతారు.

అయితే రెండు కీడులు ఉన్నవి. మొదటిది అందరికీ భయం కలిగించేది: మచ్చ మెలనోమా అనే కాన్సరుగా మారడం. అది రక్తం ద్వారా, ముఖ్యంగా కాలేయానికి, పాకుతుంది. రెండవది దానికన్నా మెత్తగా వస్తుంది. ఏండ్ల తరబడి మచ్చ తన పైనున్న సన్నని రక్తనాళాలను నొక్కి ఉంచినందువలన వర్ణకస్తరానికి పోషణ తగ్గుతుంది. దిగని చెత్త పసుపురంగు రవ్వలుగా పేరుకుంటుంది. ఆ రవ్వలను డ్రూజెన్ అంటారు. క్రమంగా బ్రుక్ పొరలో పగులు పుడుతుంది. ఆకలిగొన్న కణజాలం కొత్త రక్తనాళాలను పిలుస్తుంది. అవి పగులుగుండా కంచె దాటి నేత్రపటలం క్రిందికి ప్రవేశిస్తాయి. ఈ కొత్త నాళాలు మేలు చేయడానికి వచ్చినవే గాని కట్టుదిట్టమైనవి కావు. నీరు కారుస్తాయి, ఒక్కొక్కప్పుడు రక్తం కక్కుతాయి. ఆ నీటికి నేత్రపటలం ఉబ్బి లేస్తుంది. గోడకు చెమ్మ పట్టి సున్నం ఉబ్బితే దాని మీది బొమ్మ వంకరపోయినట్లే, ఆ ఉబ్బు మీద పడిన గీత వంకరపోతుంది. మా నాన్నగారి స్కేలు వంగినది అక్కడ.

మచ్చ మీద ఇట్లా కొత్త నాళాలు పుట్టడం అరుదు. 1967లో అమెరికాలోని మయామీ నగరానికి చెందిన డొనాల్డ్ గాస్ నేత్రపటలం క్రింద నీరు చేరే జబ్బులను గురించి వ్రాసిన వ్యాస పరంపరలో, రక్తపటలపు కణితులవలన కూడా ఈ విధంగా జరుగుతుందని చర్చించాడు. ఈనాటికీ నేత్రపటల వైద్యులు ఆయన పేరును గురువుగారి పేరువలె తలుస్తారు.

ఇక మా కథలో చేదు భాగం. మొదట మేము వెళ్లినచోట ఒక స్కాను తీసి, కాగితం మీద నల్లని మచ్చ కొలతలు వ్రాసి, క్రింద 'మెలనోమా' అని వ్రాసి ప్రశ్నార్థకం పెట్టి, పెద్ద ఆసుపత్రికి పొమ్మన్నారు. ఒక్క మాట నోటితో చెప్పలేదు. ఆ ప్రశ్నార్థకం మా ఇంట్లో పదకొండు రోజులు కాపురం చేసింది. నేను రాత్రిళ్లు చదివాను. ఫిలడెల్ఫియాలోని విల్స్ నేత్రవైద్యశాలకు చెందిన కెరోల్ షీల్డ్స్, జెర్రీ షీల్డ్స్ దంపతులు వేలాది మచ్చలను గమనించి, ఏవి కాన్సరుగా మారతాయో సూచించే గుర్తులను నిర్ణయించారు. 2019లో సవరించిన ఆ పట్టికలో ఆరు గుర్తులు ఉన్నవి: మచ్చ మందం రెండు మిల్లీమీటర్లకు మించడం, నేత్రపటలం క్రింద నీరు చేరడం, చూపు తగ్గడం, మచ్చ మీద నారింజరంగు పొడి ఉండడం, ధ్వనితరంగాల పరీక్షలో మచ్చ లోపల డొల్లగా కనబడడం, వెడల్పు అయిదు మిల్లీమీటర్లు దాటడం. ఏ గుర్తూ లేకపోతే అయిదేండ్లలో మారే అవకాశం నూటికి 1. ఒక గుర్తు ఉంటే 11. రెండు ఉంటే 22. నాన్నగారికి నీరు ఉన్నది, చూపు 6/18కి తగ్గింది. నూటికి ఇరవై రెండు! ఆ రాత్రి నేను లెక్కల మాస్టరును కానందుకు సంతోషించాను. అయినా ఈ లెక్క చేయడానికి లెక్కల మాస్టరు అక్కరలేదు.

పెద్ద ఆసుపత్రిలోని వైద్యురాలు నా చేతిలోని కాగితాలు చూసి, "ఇవన్నీ చదివి వచ్చారా సార్?" అని నవ్వి, తాను ఒక ప్రశ్న వేసింది: "ఆ నీరు ఎవరిది?"

ఆ ప్రశ్న విలువ నాకు తరువాత బోధపడింది. నీరు రెండు దారులలో రావచ్చును. పెరుగుతున్న మచ్చ తానే నీరు కార్చవచ్చు. అది చెడ్డ గుర్తు. లేదా పాతబడి నిద్రపోతున్న మచ్చ మీద పుట్టిన కొత్త నాళాలు నీరు కార్చవచ్చు. అప్పుడు నీరూ, చూపు తగ్గడమూ నాళాల లెక్కలో పడతాయి గాని మచ్చ లెక్కలో పడవు. పైగా పగులు, డ్రూజెన్, కొత్త నాళాలు ఇవన్నీ ఆ మచ్చ చాలా ఏండ్లుగా అక్కడే కదలక మెదలక ఉన్నదనడానికి సాక్ష్యాలు. చూపును పాడుచేసిన జబ్బే మచ్చ మంచిదని సాక్ష్యం చెప్పడం ఎంత వింత! అయితే ఈ సాక్ష్యం తిరుగులేనిది కాదనీ, అరుదుగా మెలనోమా మీద కూడా కొత్త నాళాలు పుట్టవచ్చుననీ, అందుచేత గమనింపు మానరాదనీ ఆమె అప్పుడే చెప్పింది. ఉర్దూలో చుక్క పైన పెడితే 'ఖుదా', క్రింద పెడితే 'జుదా'. ఒకటి దైవం, ఒకటి ఎడబాటు. అక్షరాల ఆకారం ఒక్కటే. నాన్నగారికి ఈ పోలిక చెప్పినప్పుడు ఆయన, "డాక్టరమ్మ మంచి కాతిబు" అన్నారు.

నేను చదివిన అంకెలను గురించి కూడా ఆమె ఒక మాట చెప్పింది. ఆ పట్టిక కంటి కణితుల ఆసుపత్రికి పంపబడినవారిని చూసి తయారైనది. అనుమానం ఉన్నవారినే గదా అక్కడికి పంపుతారు. సామాన్య జనంలో లెక్క వేరు. 2005లో అమెరికా శ్వేతజాతీయుల వివరాలను ఆధారం చేసుకొని వేసిన అంచనాలో, సంవత్సరానికి 8,845 మచ్చలలో ఒకటి మాత్రమే కాన్సరుగా మారుతుందని తేలింది. రెండు అంకెలూ నిజమే. ఎవరిని లెక్కించారన్నది చూడకుండా అంకెను మాత్రం చూసినవాడు నావలె పదకొండు రాత్రులు మేలుకుంటాడు.

ఆ నీరు ఎవరిదో తేల్చడానికి మూడు పరీక్షలు జరిగాయి. ధ్వనితరంగాల పరీక్షలో మచ్చ మందం మిల్లీమీటరున్నర లోపే అని తేలింది. లోపల డొల్లగా లేదు. రెండవది నాన్నగారిని ఎంతో నవ్వించిన పరీక్ష. ముంజేతి నరంలోనికి ఫ్లోరసీన్ అనే రంగు ఎక్కించి, అది పది పదిహేను సెకండ్లలో కంటికి చేరుతుండగా నీలివెలుగులో వరుసగా ఫోటోలు తీస్తారు. రక్తనాళాలు ఆకుపచ్చగా మెరుస్తాయి; కారే చోట మెరుపు చిందినట్లు విస్తరిస్తుంది. ఆ రంగును 1871లో అడాల్ఫ్ బేయర్ అనే జర్మను రసాయనికుడు తయారుచేశాడు. కంటి నాళాల ఫోటోలకు దానిని వాడవచ్చునని లోకానికి చూపినది పేరుపొందిన ఆచార్యులు కారు; అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య చదువుతున్న హెరాల్డ్ నొవోట్నీ, డేవిడ్ ఆల్విస్ అనే ఇద్దరు కుర్రవాళ్లు. తమ మీదనే ప్రయోగం చేసుకొని, 1961లో దానిని ఒక హృద్రోగ పత్రికలో ప్రకటించారు. ఈ సంచిక చదివే విద్యార్థులకోసం ఈ సంగతి ప్రత్యేకంగా వ్రాశాను. నాన్నగారి శరీరం ఆ రోజంతా పసుపు పూసినట్లు ఉన్నది. "పెళ్లికొడుకును చేశారు" అని నవ్వారు. పదకొండు రోజుల తరువాత మా ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది.

మూడవ పరీక్ష ఓసీటీ. కంటికి కనబడని వెలుగును పంపి, తిరిగి వచ్చిన కిరణాల తేడాలనుబట్టి నేత్రపటలాన్ని నిలువునా కోసినట్లు చిత్రిస్తుంది. కత్తి లేదు, నొప్పి లేదు. 1991లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు మొదట దీనిని వివరించారు. ఆ చిత్రంలో మచ్చ అంచున, పసుపుచుక్కకు కొద్ది దూరంలో, చీమ పుట్టవలె చిన్న ఉబ్బు, దాని పక్కన నల్లని నీటి మడుగు స్పష్టంగా కనిపించాయి. ఫోటోలలో రంగు కారినదీ అక్కడనే. నీరు నాళాలది. ప్రశ్నార్థకం అంతటితో చెరిగిపోయిందని చెప్పలేను గాని, చాలా చిన్నదైనది.

వైద్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. పూర్వం ఇటువంటి నాళాలను లేజరుతో కాల్చేవారు. కాల్చిన చోట మచ్చ మిగిలి అక్కడి చూపు శాశ్వతంగా పోయేది. 2000లో, రక్తంలోనికి మందు ఎక్కించి చల్లని లేజరుతో దానిని మేల్కొలిపే పద్ధతి వచ్చింది. అసలు మలుపు వేరొక దిక్కునుండి వచ్చింది. ఆకలిగొన్న నేత్రపటలం ఏదో పదార్థాన్ని విడుదల చేసి నాళాలను పిలుస్తున్నదని 1948లోనే ఐజక్ మైకెల్సన్ ఊహించాడు. కణితులు కూడా ఇట్లాగే నాళాలను పిలుచుకొని పెరుగుతాయనీ, ఆ పిలుపును ఆపితే కణితి ఆకలితో ఆగుతుందనీ 1971లో బోస్టన్ శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ వ్రాస్తే చాలమంది నమ్మలేదు. 1989లో నపోలియోన్ ఫెరారా ఆ పిలుపు పదార్థాన్ని విడదీసి చూపాడు. దానిని వీఈజీఎఫ్ అంటారు. దానిని అడ్డుకొనే బెవాసిజుమాబ్ అనే మందు 2004లో పేగు కాన్సరుకు అనుమతి పొందగా, మరుసటి ఏడే ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అనే నేత్రవైద్యుడు దానిని కంటిలోనికి ఎక్కించి చూశాడు. 2006లో కంటికోసమే చేసిన రానిబిజుమాబ్ వచ్చింది. రెండింటికీ ధరలో ఎంతో అంతరం ఉన్నది. వృద్ధాప్యపు పసుపుచుక్క జబ్బులో రెండూ ఇంచుమించు సమానంగా పనిచేస్తాయని 2011లో అమెరికాలో జరిగిన పెద్ద పోలిక పరీక్ష తేల్చింది. కాతిబు కుటుంబానికి ఈ వాక్యం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

కంటిలో సూది అంటే మా అమ్మ నమాజు చాప మీదనుండి లేవలేదు. నిజానికి అది నిమిషాల పని. చుక్కల మందుతో కన్ను మొద్దుబార్చి, అయొడిన్ ద్రావణంతో శుభ్రం చేసి, నల్లగుడ్డు అంచుకు మూడున్నర నాలుగు మిల్లీమీటర్ల వెనుక తెల్లగుడ్డులో వెంట్రుకవంటి సూదిని గుచ్చి మందు ఎక్కిస్తారు. మోతాదు మిల్లీలీటరులో ఇరవయ్యవ వంతు. కలం మొన విదిలిస్తే రాలే సిరా బొట్టంత. నెలకొకటి చొప్పున మూడు ఇచ్చారు. రెండవదాని తరువాత నీటి మడుగు సగమైంది, మూడవదాని తరువాత ఇంకింది. చూపు 6/9కి వచ్చింది. అయితే నాలుగు నెలలు నీటిలో నానిన కణాలన్నీ తిరిగి వరుసలో నిలబడలేదు. గీతలో ఒకచోట చిన్న నొక్కు మిగిలిపోయింది. ముందే వచ్చి ఉంటే అదీ ఉండేది కాదేమో అని వైద్యురాలు అనలేదు. నేను అనుకున్నాను.

ఇక్కడ కళాశాల పాలకవర్గంవారికి ఒక విన్నపం. ఏటా మన ఆవరణలో కంటి పరీక్షా శిబిరం జరుగుతున్నది. విద్యార్థుల తల్లిదండ్రులు కూడా వస్తున్నారు. కళ్లజోడు నంబరు చూస్తున్నారు, శుక్లం చూస్తున్నారు; ఇది మంచి పనియే. దానితోపాటు నలభై దాటినవారికి కంటిపాప పెద్దదిచేసి అడుగుపొరను చూడటం, ఒక్కొక్క కన్ను మూసి గడుల కాగితం చూపించటం చేర్చితే అయ్యే ఖర్చు వైద్యుని సమయమే. గడుల కాగితం ఇదిగో: స్విట్జర్లాండుకు చెందిన మార్క్ ఆమ్‌స్లర్ అనే నేత్రవైద్యుడు రూపొందించినది, పది సెంటీమీటర్ల చదరం, అయిదేసి మిల్లీమీటర్ల గడులు అడ్డం ఇరవై, నిలువు ఇరవై, నట్టనడుమ ఒక చుక్క. చదువుకొనే కళ్లజోడు పెట్టుకొని, అడుగు దూరంలో పట్టుకొని, ఒక కన్ను మూసి నడిమి చుక్కనే చూస్తూ ఉండాలి. గీతలు ఎక్కడైనా వంగినా, గడులు చెదిరినా, ఒకచోట ఖాళీగా తోచినా ఆ వారంలోనే నేత్రపటల వైద్యుని వద్దకు పోవాలి. కళ్లజోళ్ల దుకాణానికి కాదు. వంకర కనబడిన ప్రతివారికీ మచ్చ ఉంటుందని కాదు. మధుమేహంవలన, వృద్ధాప్యంవలన కూడా ఇట్లాగే జరగవచ్చును, అవి ఇంతకన్నా ఎంతో ఎక్కువ. ఏది ఏమైనా చూడవలసినది అదే చోటు.

మచ్చ అక్కడనే ఉన్నది. దానిని తీయరు, కాల్చరు. ఫోటో తీసి కొలిచి వ్రాసిపెట్టుకుంటారు. మొదటి ఏడు నాలుగు నెలలకు ఒకమారు వెళ్లాము, ఇప్పుడు ఏడాదికి ఒకమారు పోతే చాలునన్నారు. రెండేండ్లలో కొలత మారలేదు.

ఆసుపత్రిలో ఇచ్చిన గడుల కాగితం ముద్రణ నాన్నగారికి నచ్చలేదు. గీతలు మందంగా ఉన్నవట. ఖరీదైన కాగితం మీద, తన సన్నపు కలంతో, తానే గడులు గీసుకున్నారు. ప్రతి శుక్రవారం ఉదయం కిటికీ వద్ద దానిని పట్టుకొని కుడి కన్ను మూసి చూస్తారు. నొక్కు ఎక్కడ ఉన్నదో పెన్సిలుతో గుర్తు పెట్టి తేదీ వేసి నాకు ఇస్తారు. నేను పాత కాగితాలతో కలిపి చూస్తాను. ఇప్పటికి నా వద్ద డెబ్బైకి పైగా ఉన్నవి. పెన్సిలు గుర్తు అన్నింటిలోనూ నడిమి చుక్కకు పైన, ఎడమవైపు, మూడవ గడిలోనే ఉన్నది.